సెవెన్ ఎలెవెన్‌లో తొలిసారి తింటున్నారా? బ్యాంకాక్, టోక్యో, డల్లాస్‌లలో ఎక్కడ ఏది తీసుకోవాలి

దసరా సెలవులకు బ్యాంకాక్ వెళ్లేవాళ్లు, చెర్రీ పూల కాలంలో జపాన్ చూడాలనుకునేవాళ్లు, పిల్లల దగ్గరికి టెక్సాస్ వెళ్లే అమ్మానాన్నలు మన హైదరాబాద్‌లో ఇప్పుడు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. ఈ మూడు చోట్లా ఒకే బోర్డు కనిపిస్తుంది, సెవెన్ ఎలెవెన్ అని. గదిలో సామాను పెట్టి నీళ్ల సీసా కోసం కిందికి దిగితే చాలాసార్లు మొదట ఎదురయ్యేది అదే. లోపల చల్లటి అరల్లో అన్నం, శాండ్‌విచ్, పెరుగు ఉంటాయి. కౌంటర్ పక్కన ఆవిరి మీద బన్నులు ఉంటాయి. ఏది ఏమిటో తెలియక చిప్స్ ప్యాకెట్ పట్టుకుని బయటికొచ్చేవాళ్లు చాలామంది.

ప్రయాణం అనుకోగానే మా పెద్దమ్మ అడిగే మొదటి మాట, "అక్కడ మనం తినేదేమన్నా ఉంటదారా?" అని. ఆఫీసులో తమ్ముళ్లు అడిగేది వేరు. "అన్నా, ఏది మిస్ కావొద్దు?" అంటారు. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు కుదరదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కుటుంబంతో వెళ్లేవారికి, కోడి, గుడ్డు తినేవారికి బ్యాంకాక్ సులువు. రుచిలో టోక్యోదే పైచేయి, కానీ శాకాహారులకు అన్నిటికంటే కష్టం కూడా అక్కడే. డల్లాస్‌లో టాకో (రొట్టెలో కూర చుట్టి ఇచ్చే మెక్సికన్ తిండి) కౌంటర్ ఉన్న దుకాణాలు తప్ప మిగతావాటిని భోజనానికి నమ్ముకోవద్దు.

బోర్డు ఒకటే, వంట వేరు

ఈ దుకాణాలు పుట్టింది డల్లాస్‌లోనే, 1927లో. ఐసు దిమ్మలు అమ్మే సౌత్‌లాండ్ ఐస్ కంపెనీ వాళ్లు వాటితోపాటు పాలు, బ్రెడ్డు, గుడ్లు కూడా అమ్మడం మొదలుపెట్టారు. ఉదయం ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంచేవారు కాబట్టి 1946లో ఈ పేరు పెట్టారు. జపాన్‌లో మొదటి దుకాణం 1974లో టోక్యోలోని తొయోసులో వచ్చింది. థాయ్‌లాండ్‌లో మొదటిది 1989లో బ్యాంకాక్ పాట్‌పాంగ్ వీధిలో వచ్చింది. ఆ తర్వాత కథ తిరగబడింది. జపాన్‌లో దుకాణాలు నడుపుతున్న సంస్థే 1991లో అమెరికా కంపెనీలో మెజారిటీ వాటా కొని, 2005లో మొత్తం సొంతం చేసుకుంది. ఇప్పుడు జపాన్‌లో 21 వేలకు పైగా, థాయ్‌లాండ్‌లో 15 వేలకు పైగా దుకాణాలున్నాయి. మన దేశంలో మొదటిది 2021 అక్టోబరులో ముంబై అంధేరీ ఈస్ట్‌లో రిలయన్స్ తెరిచింది.

ఈ చరిత్ర ఎందుకంటే, ప్లేటులోకి వచ్చేది దీన్నిబట్టే మారుతుంది. అమెరికాలో చాలా దుకాణాలు పెట్రోలు బంకులతో కలిసి ఉంటాయి. కారు ఆపి, ఒక చేత్తో తింటూ వెళ్లిపోయేవాళ్ల కోసం అక్కడి తిండి తయారైంది. జపాన్‌లో ఆఫీసు ఉద్యోగులు మధ్యాహ్న భోజనానికి వస్తారు. అన్నం బాగా లేకపోతే వాళ్లు మరునాడు పక్కనే ఉన్న లాసన్, ఫ్యామిలీమార్ట్ అనే పోటీ దుకాణాలకు వెళ్లిపోతారు. థాయ్‌లాండ్‌లో ఈ దుకాణాలు నడిపేది సీపీ గ్రూపు. కోళ్ల పెంపకం నుంచి రెడీ భోజనాల దాకా అన్నీ ఆ గ్రూపు చేతిలోనే ఉన్నాయి. అక్కడ కోడి వంటకాలు అంత విరివిగా దొరకడానికి అదొక కారణం.

హైదరాబాద్‌లో మనకు ఈ అలవాటు లేదు. ఆకలేస్తే టిఫిన్ బండి ఉంది, చాయ్, సమోసాకు ఇరానీ హోటల్ ఉంది, పాలు, పెరుగుకు కిరాణా కొట్టు ఉంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు 24 గంటలూ తెరిచి ఉంచుకునేందుకు అనుమతిచ్చినా, రాత్రి పన్నెండింటికి అరలోంచి అన్నం డబ్బా తీసి వేడి చేయించుకుని తినడం మనకు కొత్తే. అందుకే మొదటిసారి కాస్త తెలుసుకుని వెళ్లడం మంచిది.

ముందు తేల్చుకోవాల్సింది: మీరు ఏం తినరు?

మన దగ్గర ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూస్తే పని అయిపోతుంది. ఈ మూడు దేశాల్లోనూ ప్రతి ప్యాకెట్ మీదా తప్పనిసరిగా ఉండే అలాంటి గుర్తు లేదు. బొమ్మ చూసి కొనడం అస్సలు పనికిరాదు. కూరగాయల బొమ్మ ఉన్న నూడుల్స్‌లో పంది ఎముకల రసం ఉండొచ్చు. ఆలూ కట్లెట్‌లా కనిపించేదాంట్లో గొడ్డుమాంసం కైమా ఉండొచ్చు.

కాబట్టి ఇంట్లోనే ఒక మాట అనుకోండి. గుడ్డు పరవాలేదా? చేప రసం, రొయ్యల ముద్ద లాంటివి కంటికి కనపడకుండా కలిస్తే ఒప్పుకుంటారా? పంది, గొడ్డుమాంసం వద్దనుకుంటే చాలా, లేక హలాల్ గుర్తు కూడా కావాలా? ఒకే కుటుంబంలో నాన్నగారు నీచు ముట్టరు, అత్తయ్య గుడ్డు వరకు తింటారు, పిల్లలు అన్నీ తింటారు. అందరికీ ఒకే వస్తువు కొనాలనుకుంటేనే టెన్షన్. ఎవరిది వారికి కొనండి. ఈ దుకాణాల్లో ఉన్న పెద్ద సౌకర్యమే అది.

ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టుకుని, థాయ్, జపనీస్ భాషలు బయల్దేరేముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కెమెరా పెడితే లేబుల్ చదివి చెబుతుంది. ముందువైపు పెద్ద అక్షరాలు కాదు, వెనకవైపు ఉండే దినుసుల పట్టీ చదివించాలి. అనువాదం అక్కడక్కడా తికమకగా వస్తుంది, అయినా పంది, కోడి, చేప, గుడ్డు లాంటి మాటలు పట్టేస్తుంది.

బ్యాంకాక్‌లో

శంషాబాద్ నుంచి నేరుగా వెళ్తే నాలుగు గంటల్లోపే దిగుతారు. రాత్రి విమానం అయితే తెల్లవారుజామున ఆకలితో దిగుతారు. అప్పుడు ఈ దుకాణం నిజంగా ఆదుకుంటుంది.

మొదట కొనాల్సింది టోస్టీ. చల్లటి అరలో ప్లాస్టిక్ కవరులో ఉండే శాండ్‌విచ్ అది. కౌంటర్ దగ్గరికి తీసుకెళ్తే వాళ్లే ఇనుప ప్రెస్సులో వేడి చేసి, కాగితంలో పెట్టి ఇస్తారు. పైన కరకరలాడుతుంది, లోపల చీజ్ కరిగి ఉంటుంది. ధర 35 బాత్ అటూఇటూ, మన లెక్కలో వంద రూపాయల దాకా. బాగా పేరున్నది హామ్ చీజ్ రకం, ఆ హామ్ సాధారణంగా పందిమాంసం. వద్దనుకునేవారు చీజ్ మాత్రమే ఉన్నది గానీ కోడి లేదా ట్యూనా చేప ఉన్నది గానీ వెతుక్కోవాలి. పక్కపక్కనే ఉంటాయి, కవర్లు ఒకేలా ఉంటాయి. అందుకే చేతికి అందింది తీసుకోకుండా ఒక్క నిమిషం ఆగి చూడండి.

తర్వాతిది అన్నం డబ్బాలు. తులసి ఆకులు, పచ్చిమిర్చితో వేయించిన కోడి కైమా అన్నం మనవాళ్లకు ఠక్కున నచ్చుతుంది, ఎందుకంటే కారం ఉంటుంది. కొబ్బరిపాల ఆకుపచ్చ కూర కూడా బాగుంటుంది. కానీ ఇదే తులసి వంటకం పందిమాంసంతో కూడా అమ్ముతారు. థాయ్‌లో మూ అంటే పంది, కై అంటే కోడి, ఖై అంటే గుడ్డు, కుంగ్ అంటే రొయ్య, ప్లా అంటే చేప. కై, ఖై దాదాపు ఒకేలా వినిపిస్తాయి కాబట్టి శాకాహారులు నోటిమాట మీద ఆధారపడొద్దు, ప్యాకెట్ చూపించి అడగాలి. గొడ్డుమాంసం గురించి భయం తక్కువ, థాయ్‌లాండ్‌లో చాలామంది భక్తి కారణంగా దాన్ని ముట్టరు. పందిమాంసం మాత్రం ఎటు చూసినా ఉంటుంది.

శాకాహారులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. థాయ్ వంటలో చేపల సాస్, ఆయిస్టర్ సాస్ ఉప్పులాగా వాడేస్తారు. మాంసం ముక్క కనపడకపోయినా అవి ఉంటాయి. అక్కడ నమ్మదగ్గ గుర్తు జే. పసుపు రంగు మీద ఎర్ర థాయ్ అక్షరాలతో ఉంటుంది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసే ఇళ్లవారికి ఇంతకంటే హాయి ఏముంటుంది! చైనా పంచాంగం తొమ్మిదో నెల మొదట్లో తొమ్మిది రోజులు అక్కడ శాకాహార పండుగ జరుగుతుంది. చాలా ఏళ్లలో అది మన దేవీ నవరాత్రులతో పాటే వస్తుంది. మధ్యలో అధికమాసం పడ్డ ఏడాది మాత్రం వేరుపడుతుంది. దసరా సెలవులకు వెళ్లే శాకాహారులు టికెట్ కొనేముందు ఆ తేదీలు చూసుకోండి. ఆ రోజుల్లో వీధి బండ్ల మీదా, ఈ దుకాణాల్లోనూ పసుపు జెండాలు కడతారు, జే రకాలు ఎన్నో వస్తాయి. మిగతా రోజుల్లో జే గుర్తున్న కప్పు నూడుల్స్ లాంటివి కొన్నే కనిపిస్తాయి. వేడి నీళ్లు దుకాణంలోనే దొరుకుతాయి.

హలాల్ కావాలనుకునేవారికి మూడింటిలోకీ బ్యాంకాకే మెరుగు. థాయ్‌లాండ్‌లో ఇస్లామిక్ కౌన్సిల్ ఇచ్చే హలాల్ గుర్తు చాలా ప్యాకెట్ల మీద ముద్రించి ఉంటుంది.

ఆవిరి బన్నుల్లో ఎక్కువ రకాలు పందిమాంసంతోనే ఉంటాయి. కస్టర్డ్, నల్ల గింజల తీపి రకాలూ ఉంటాయి, అడిగి తీసుకోండి. సోయాపాలు, విడిగా ఒక్కొక్కటే అమ్మే అరటిపళ్లు, ఉడికించిన గుడ్లు ఎప్పుడూ ఉంటాయి. 2020 జనవరి నుంచి అక్కడి పెద్ద దుకాణాలు ప్లాస్టిక్ కవర్లు ఇవ్వడం మానేశాయి, చేతిసంచి వెంట ఉండాలి. చిన్న మొత్తాలకు నగదే మేలు.

అయితే బ్యాంకాక్‌లో మూడు పూటలూ ఇక్కడే తినేయడం నాకు నచ్చదు. బయట వీధిలో అప్పటికప్పుడు కళ్లముందు వండి పెట్టేవాళ్లు ఉండగా, డబ్బా అన్నంతో సెలవు గడిపేయడం ఎందుకు? తెల్లవారుజామున దిగినప్పుడు, టూర్ బస్సు ఎక్కేముందు, అర్ధరాత్రి పిల్లలకు ఆకలేసినప్పుడు, ఈ సందర్భాలకు మాత్రం దీన్ని మించింది లేదు. శాకాహారులు మధ్యాహ్నం ఒక్కపూటైనా పహురాత్ వైపు వెళ్లి మన భోజనం తినండి. అక్కడ భారతీయుల బజారే ఉంది.

టోక్యోలో

అన్నం మీద ఇంత శ్రద్ధ పెట్టిన దుకాణాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. ఇక్కడ మొదట కొనాల్సింది ఒనిగిరి, అంటే మూడు మూలలుగా ఒత్తిన అన్నం ముద్ద. లోపల ఏదో ఒక కూర్పు, పైన సముద్రపు నాచు రేకు. ధర చాలావరకు 150 నుంచి 200 యెన్ల మధ్య, సుమారు వంద రూపాయలు. కవరు మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. ఆ వరసలోనే విప్పాలి. అన్నానికీ నాచుకీ మధ్య పలుచటి పొర ఉంటుంది, అది మనం తినే క్షణం దాకా నాచు మెత్తబడకుండా కాపాడుతుంది. అంకెల వరస తప్పితే నాచు చిరిగి కవరులోనే ఉండిపోతుంది.

ఆ అన్నం ఎందుకు గట్టిపడదంటే, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మరునాటికి బిరుసెక్కుతుందని మనింట్లో అందరికీ తెలుసు. చల్లదనానికి అన్నంలోని పిండి పదార్థం బిగుసుకుపోతుంది. అందుకే జపాన్‌లో పాలు, సలాడ్లు 5 డిగ్రీల దగ్గర, అన్నం రకాలు మాత్రం 20 డిగ్రీల దగ్గర వేరే బండ్లలో పంపిస్తారు. రోజుకు ఒక్కసారి కాదు, పలుమార్లు సరుకు వస్తుంది. ప్యాకెట్ మీద తేదీతోపాటు గంట కూడా వేస్తారు. ఆ గంట దాటిన దాన్ని కౌంటర్‌లో అమ్మరు. ఒనిగిరిని వేడి చేయించాల్సిన పనిలేదు, అలాగే తినాలి. బెంటో, అంటే అన్నం, కూరలు కలిపి పెట్టిన డబ్బా మాత్రం వేడి చేయమని ఇవ్వండి.

చేప తినేవారికి సాల్మన్, ట్యూనా మయొనైజ్ రకాలు మంచి మొదలు. ట్యూనా రకం పిల్లలకు కూడా నచ్చుతుంది. చేప గుడ్లతో చేసిన మెంతైకో కాస్త కారంగా ఉంటుంది. ఆవకాయ తినే నోటికి అది పెద్ద కారమేమీ కాదు గానీ, వాసన అందరికీ పడదు. మొదటి రోజే దాన్ని ఎంచుకోకండి.

గుడ్డు తినేవారికి నా సలహా ఎప్పుడూ ఒక్కటే, గుడ్డు శాండ్‌విచ్. అంచులు కోసేసిన మెత్తటి పాల బ్రెడ్డు, మధ్యలో మందంగా గుడ్డు మయొనైజ్. అంతే. నేను ఈ మూడు దేశాల్లో ఒక్క వస్తువే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. గుడ్డు పక్కనే హామ్ పెట్టిన మిశ్రమ రకం కూడా ఉంటుంది. పక్కనుంచి చూస్తే పొరలు కనిపిస్తాయి, పసుపు రంగు ఒక్కటే ఉన్నది తీసుకోండి.

ఇక శాకాహారుల సంగతి. జపాన్ వంటకు పునాది దాషి అనే రసం. ఎండబెట్టిన బొనిటో చేపతో తీస్తారు. సూప్‌లో, సాస్‌లో, ఊరవేసిన కూరగాయల్లో, ఆఖరికి టోఫూ (సోయాపాల పనీర్) పొరలో చుట్టిన అన్నంలో కూడా అది కలుస్తుంది. ప్యాకెట్ మీద అలర్జీ పదార్థాల పట్టిక ఉంటుంది కదా, అది చూస్తే సరిపోతుంది అనుకోవద్దు. రొయ్య, పీత, గోధుమ, బక్‌వీట్, గుడ్డు, పాలు, వేరుశనగ, అక్రోటు లాంటి కొన్నే తప్పనిసరి. పంది, గొడ్డు, కోడి మాంసాలు రాయమని సిఫార్సు మాత్రమే. బొనిటో ఆ జాబితాల్లో అసలు లేనే లేదు. అంటే అలర్జీ పెట్టెలో ఏమీ లేకపోయినా చేప రసం ఉండొచ్చు. పూర్తి దినుసుల పట్టీలో కట్సువో (బొనిటోకు జపనీస్ పేరు) అన్న మాట ఉందో లేదో చూడాలి.

అలా చూసుకుంటే మిగిలేవి ఇవి. ఉప్పు వేసి ఒత్తిన సాదా ఒనిగిరి, పేరు షియో ముసుబి. పుల్లటి ఉమె పండు పెట్టింది ఇంకోటి. అది మన ఉసిరికాయ ఊరగాయలాగా పుల్లగా, ఉప్పగా ఉంటుంది, అన్నంలోకి అద్భుతంగా కుదురుతుంది. కాకపోతే కొన్ని తయారీల్లో చేప సారం కలుపుతారు కాబట్టి ఒకసారి పట్టీ చదవండి. ఉప్పు వేసి ఉడికించిన పచ్చి సోయా గింజలు, కోసిన పండ్లు, అరటిపండు, విడిగా డ్రెస్సింగ్ ఉన్న సలాడ్ ఉంటాయి. చాలా దుకాణాల్లో గడ్డకట్టిన పండ్ల ముక్కల కప్పు కొని, అక్కడే ఉన్న యంత్రంలో పెడితే స్మూతీ చేసి ఇస్తుంది. పిల్లలకు అదొక సరదా. తీపి కావాలంటే దైఫుకు తీసుకోండి, బియ్యప్పిండి పొరలో ఎర్ర గింజల పూర్ణం. బొబ్బట్ల ఇంటివారికి పరిచయం అక్కర్లేని రుచి.

కౌంటర్ పక్కన గాజు పెట్టెలో బంగారు రంగులో వేయించిన బిళ్లలు చూసి శాకాహారులు ఆశపడొద్దు. కట్లెట్ లాంటి బంగాళదుంప కొరొక్కెలో కూడా తరచుగా మాంసం కైమా ఉంటుంది. కర్రీ బన్నులో గొడ్డుమాంసమో పందో ఉంటుంది. చలికాలం ఆవిరి బన్నుల్లో ఎర్ర గింజల తీపి రకం శాకాహారంగా కనిపించినా పిండిలో పంది కొవ్వు ఉండే అవకాశం ఉంది. పుడ్డింగుల్లో, కొన్ని పండ్ల పెరుగుల్లో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉంటుంది.

పక్కనే ఉండే లాసన్, ఫ్యామిలీమార్ట్ సంగతి కూడా అడుగుతారు. వేయించిన కోడి కోసమైతే సెవెన్ ఎలెవెన్ కంటే ఆ రెండే నాకిష్టం. లాసన్‌లో చిన్న ముక్కల కరాగె కున్ 1986 నుంచి అమ్ముతున్నారు, ఫ్యామిలీమార్ట్‌లో ఎముక లేని ఫామిచికి ఉంది. గుడ్డు శాండ్‌విచ్, ఒనిగిరిలకు మాత్రం సెవెన్ ఎలెవెన్‌కే వెళ్తాను.

తినడానికి తీసుకెళ్తే పన్ను 8 శాతం, అక్కడే కూర్చుని తింటే 10 శాతం. నడుస్తూ తినడం అక్కడ మర్యాదగా భావించరు, రోడ్డు మీద చెత్తబుట్టలూ దాదాపు కనపడవు. గదికి తెచ్చుకుని తినడమే మంచిది. మన డెబిట్, క్రెడిట్ కార్డుతో యెన్లు తీసుకోవడానికి దుకాణంలోని సెవెన్ బ్యాంక్ ఏటీఎం పనికొస్తుంది.

డల్లాస్‌లో

కంపెనీ అమెరికా ప్రధాన కార్యాలయం ఉన్న, డల్లాస్ పక్కనుండే ఇర్వింగ్ మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊరు. అయినా తిండి విషయంలో మూడింటిలోకీ ఇదే వెనకబడింది. తిరిగే కడ్డీల మీద హాట్ డాగ్‌లు రోజంతా దొర్లుతూ ఉంటాయి. పేరున్న బిగ్ బైట్ గొడ్డుమాంసంతో చేసేది, తెలియక కొనేవాళ్లుంటారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. పెప్పరోని పిజ్జాలో సాధారణంగా పంది, గొడ్డు రెండూ ఉంటాయి. శాకాహారులకు మిగిలేది చీజ్ పిజ్జా ముక్క, నాచోస్, డోనట్లు. చీజ్‌లో వాడే, కొన్నిసార్లు దూడ కడుపు నుంచి తీసే ఎంజైముల గురించి పట్టింపు ఉన్నవారికి అవి కూడా అనుమానమే. వేడిగా ఉంచే ఆహారం కనీసం 57 డిగ్రీల దగ్గర ఉండాలని అక్కడి ఫుడ్ కోడ్ చెబుతుంది. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నది ఏదైనా వదిలేయండి.

టెక్సాస్‌లో మాత్రం ఒక మంచి దారి ఉంది. కొన్ని సెవెన్ ఎలెవెన్‌లలో లారెడో టాకో కంపెనీ కౌంటర్ ఉంటుంది. అక్కడ మైదా టోర్టియాలు, అంటే మన చపాతీల్లాంటి రొట్టెలు, దుకాణంలోనే కాలుస్తారు. ఉదయం పూట బంగాళదుంప, గుడ్డు పెట్టిన టాకో తీసుకోండి, పైన పచ్చ సల్సా వేయించుకోండి. చపాతీలో ఆలూ కూర చుట్టుకుని తినే మనకు అది కొత్తగా అనిపించదు. చిక్కుడు గింజల టాకో శాకాహారం అనిపిస్తుంది గానీ, గింజల్లో పంది కొవ్వు వేశారా అని అడగాలి. అడిగితే వాళ్లేమీ అనుకోరు.

పిల్లలు స్లర్పీ అడుగుతారు. రంగు రంగుల ఐసు పానీయం, 1960ల నుంచి ఈ దుకాణం గుర్తింపే అది. చక్కెర ఎక్కువ, చిన్న కప్పు చాలు. జూలై 11న చిన్న స్లర్పీ ఉచితంగా ఇవ్వడం ఏళ్లుగా ఆనవాయితీ. ఆ రోజు అక్కడుంటే మనవళ్లతో వెళ్లండి.

అత్తామామలు, అమ్మానాన్నలు నెలల తరబడి ఉండటానికి వస్తే ఈ దుకాణంలో రోజువారీ తిండి వెతకొద్దు. డల్లాస్ చుట్టుపక్కల మన కిరాణా దుకాణాలు, టిఫిన్ సెంటర్లు కారులో కొద్దిదూరంలోనే ఉంటాయి. హైవే మీద వెళ్లేటప్పుడు పళ్లు, గింజలు, పెరుగు కప్పు కోసం ఇది పనికొస్తుంది, అంతవరకే.

ఏదీ కుదరని పూటకు పెరుగన్నం

పెద్దవాళ్లతో వెళ్లేవారు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. జపాన్, థాయ్‌లాండ్ సెవెన్ ఎలెవెన్‌లలో ఏ కూరా లేని సాదా అన్నం ప్యాకెట్లు విడిగా దొరుకుతాయి. దుకాణంలోనే మైక్రోవేవ్‌లో వేడి చేస్తారు. దాంతోపాటు సాదా పెరుగు కొనండి. జపాన్‌లో తీపి కలపని పెరుగు సులువుగా దొరుకుతుంది, 400 గ్రాముల డబ్బా ఇద్దరికి సరిపోతుంది. మన పెరుగు కంటే కాస్త గట్టిగా ఉంటుంది, పాలు కలుపుకుంటే సరి. థాయ్‌లాండ్‌లో ఎక్కువ పెరుగుల్లో చక్కెర ఉంటుంది, సాదా రకమని ఉన్నది వెతకాలి. ఉప్పు పొట్లం హైదరాబాద్ నుంచే తీసుకెళ్లండి.

కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి వెంట ఉంటే వేడన్నంలోకి ఇంకేం అక్కర్లేదు. ఆవకాయ, గోంగూర పచ్చడి చెక్ ఇన్ బ్యాగులో పెట్టండి, నూనె కారకుండా రెండు కవర్లలో బిగించి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం జపాన్‌కు, అమెరికాకు పట్టుకెళ్లొద్దు. మాంసం కలిసిన ఏ వస్తువునైనా అక్కడి విమానాశ్రయాల్లో అడ్డుకుంటారు, దాచి తీసుకెళ్తే జరిమానా పడొచ్చు. తెచ్చిన ఆహార పదార్థాల గురించి ఫారంలో అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి.

మొదటి రోజు రాత్రి ఆలస్యంగా గది చేరితే, అందరూ అలసిపోయి ఉన్నప్పుడు లేబుళ్లు చదువుతూ నిలబడటం కష్టం. ఆ పూటకు నీళ్లు, అరటిపళ్లు, సాదా పెరుగు, అన్నం ప్యాకెట్, గుడ్డు తినేవారికి ఉడికించిన గుడ్లు తీసుకోండి. వీటిలో అనుమానించాల్సింది చాలా తక్కువ. కొత్త రుచులు మరునాడు ఉదయం, యాప్ తెరిచి తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఆ సమయానికి అరలు కూడా కొత్త సరుకుతో నిండి ఉంటాయి.